సమస్యాపూరణం: “కన్ను మూయకున్నఁ గానరాదు”

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. అంశం: చుక్కలు, గీతలతో కబురు పంపే తంతి సంకేతం మోర్స్‌లో ఒక్కో అక్షరాన్ని గుర్తుపట్టడం, సాధన చేయడం. కళ్లు తెరిస్తేనే ఏదైనా కనబడేది. మూస్తే తప్ప కనబడదని ఒప్పించండి చూద్దాం. ఇంకో మాట, పాదంలో ఐదూ హగణాలే (గురువు, లఘువు). గురువును గీత, లఘువును చుక్క అనుకుంటే వరుసగా ఐదుసార్లు ‘ఎన్’ కొట్టినట్టు.

హనుమకొండ సభ్యురాలు:
హామ్ (ఔత్సాహిక) రేడియో పరీక్ష కోసం ఆరు నెలల సంది నేర్చుకుంటున్న. మొదట గోడకు చార్టు అతికించిన. డా-డి-డి-డిట్ అని వినంగనే ఆ గోడను యాదికి తెచ్చుకొని గీత ఒకటి, చుక్కలు మూడు అని లెక్కపెడుతుంటి. ‘బి’ అని తేలేలోపు ఇంకో మూడక్షరాలు పోయేవి. చార్టు తీసేసిన రోజు రాసుకున్న పద్యం:

చుక్క గీత గీసి చూచిన దక్కునా
యక్షరమ్ము? చెవికి నబ్బవలయు;
నాదమందె వెలయు నయముగా వర్ణమ్ము
కన్ను మూయకున్నఁ గానరాదు

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు గట్టిగా ఉన్నాయమ్మా. మూడో పాదంలో ‘నయముగా’ యతి కోసం వచ్చి కూర్చుంది. మోర్స్ అక్షరానికి ప్రాణం నయం కాదు, నడక. “నడకఁ బట్టి తెలియు నాదాన వర్ణమ్ము” అని చూడండి. యతి నిలుస్తుంది, మీ అనుభవమూ నిలుస్తుంది.

హనుమకొండ సభ్యురాలు:
సవరించుకున్న సార్. నడక అన్న మాట నాకే రావాల్సింది. ఇప్పుడు కోఖ్ పద్ధతిల పోతున్న. లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలో పెట్టిన పద్ధతి. మొదటి రోజు నుంచే అక్షరం పూర్తి వేగంతో వినాలె. ముందు రెండే అక్షరాలు, కె, ఎం. నూటికి తొంభై సరిగ్గ వచ్చినంకనే మూడోది.

కాజీపేట సభ్యుడు:
మా బాపు రైల్వేల తార్ (టెలిగ్రాం) బాబు. తార్‌ను టక్కు చప్పుళ్లుగ వినిపించే సౌండర్ ముందట కూసున్నప్పుడు చుక్కకూ గీతకూ చప్పుడు వేరు కాదనెటోడు. మీట నొక్కితే ఒక టక్కు, వదిలితే ఒక టక్కు. ఆ రెండింటి నడుమ ఎడమే అక్షరం. మాట్లాడుకుంటనే కండ్లు మూసుకొని రాసుకునేటోడు. కని ఊర్లోళ్లకు తార్ అంటే వేరే:

తంతి వార్త యనినఁ దల్లడిల్లును వాడ;
మంచి కబురు జాబు మడతలోన
వచ్చుఁ, దంతి మాకు వాకిట నొక్కరు
కన్ను మూయకున్నఁ గానరాదు

జనగామ విద్యార్థి:
అన్నా, పద్యం చదివి మా తాత యాదికొచ్చిండు. కని అంశం అక్షరాల సాధన కదా, ఇందుల సాధన ఏది?

నిర్వాహకుడు:
అడిగింది నిజమే. అంశం పక్కకు జరిగింది. అయినా సమస్య విడిపోయిన తీరు ఇందులోనే నాకు ఎక్కువ నచ్చింది. ‘కన్ను మూయు’కు మరణం అన్న అర్థం పట్టగానే విరోధం ఆనవాలు లేకుండా పోయింది. ఒక్క చిక్కు, “వచ్చుఁ, దంతి” అని గబుక్కున చదివితే ‘దంతి’ అయి ఏనుగు వస్తుంది. ‘త’ ‘ద’ కావడం, ఆ సరళాదేశం, న్యాయమే. “వచ్చు, వార్త మాకు” అంటే ఆ బాధ లేదు.

కాజీపేట సభ్యుడు:
తంతి అన్న మాట పోతే బాపు పోయినట్టుంటది సార్. కామా దగ్గర ఆగి చదువుమని అడుగుత. 2013 జూలైల తార్ బందయినంక ఆ మాట అనేటోళ్లే లేరు.

నిర్వాహకుడు:
అట్లాగే ఉంచండి.

జనగామ విద్యార్థి:
నా మొదటి పూరణ. తప్పులు చెప్పండి.

నగణ మగణ నగణ నాదమే వినిపింప
నడుమ సంద్రమందు నావ జాడ
చీఁకటింట వినెడు చెవికిఁ దెలియుఁ గాని
కన్ను మూయకున్నఁ గానరాదు

నిర్వాహకుడు:
తమ్మీ, యతులు నాలుగూ సరిపోయాయి. ‘చీ’కి ‘చె’ చెల్లుతుంది. ‘గాని’ మాత్రం అన్వయాన్ని చెడగొడుతోంది. “చెవికి గోచర మగు;” అని ఆపు. గోచరం కంటికి వాడే మాట, దాన్ని చెవికి ఇచ్చినప్పుడే సమస్యకు సొగసు. 1906లో బెర్లిన్ సమావేశం ఒప్పుకున్న ఆపద సంకేతం, నీ నగణ మగణ నగణ, అంటే ఎస్ఓఎస్‌ను మూడక్షరాలుగా విడగొట్టి కొట్టరు, తొమ్మిది ధ్వనులూ ఒకే పోత. నీ గణాలూ ఎడం లేకుండా సాగాయి, అది బాగుంది.

హనుమకొండ సభ్యురాలు:
తమ్మి పద్యం చూసి రాత్రి కూసొని రాసుకున్న. మూడక్షరాల గణాలు ఎనిమిదీ మోర్స్‌ల ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలే! న అంటే ఎస్, మ ఓ, భ డి, స యు, జ ఆర్, ర కె, త జి, య డబ్ల్యు. మన వరంగల్ మొదటక్షరం యగణం. భగణాన్ని తిప్పితే సగణం, తగణాన్ని తిప్పితే యగణం. ఇన్ని దినాలు నేను తారుమారు చేసినయి ఈ డి-యు, జి-డబ్ల్యు జంటలే.

నిర్వాహకుడు:
ఎంత మంచి పట్టు! ఒక్క జాగ్రత్త. గురువు రెండు మాత్రలు, గీత మాత్రం మూడు చుక్కలంత. పద్యం చదివే లయతో మీట నొక్కితే గీత పొట్టిదై అక్షరం చెడుతుంది. అక్షరం లోపలి ఎడం ఒక చుక్క, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. మొదట్లో ఈ చివరి రెండు ఎడాలనే సాగదీయండి, అక్షరాన్ని సాగదీయకండి.

జనగామ విద్యార్థి:
ఇయ్యాల హనుమకొండ చౌరస్తాల బస్సు ఆగినప్పుడు కిటికీ ఊచ మీద వేలితో నంబరు పలకలు కొట్టుకుంట కూసున్న. టీజీ: ఒక గురువు, ఒక తగణం. రెండోసారికి గీతలు సాగినయి సార్.