కోర్టు ఉత్తర్వు పాటించకపోతే జైలేనా? ఏ దేశంలో ఎలా?

ప్రశ్న: సివిల్ కేసులో ఓడిన పక్షం ఉత్తర్వును కావాలనే పక్కన పెడితే అది నేరమవుతుందా? దేశాన్ని బట్టి తేడా ఎంత ఉంటుందండీ?

జవాబు 1: చాలా ఉంటుందండీ. ఉక్రెయిన్ శిక్షాస్మృతిలో 382వ అధికరణం, రష్యాలో 315వ అధికరణం దీన్ని నేరంగానే చెబుతాయి. జర్మనీ దారి వేరు. అక్కడ నిషేధ ఉత్తర్వు మీరితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 890వ సెక్షన్ కింద ఒక్కో ఉల్లంఘనకు 2,50,000 యూరోల వరకు జరిమానా, లేదా 6 నెలల వరకు నిర్బంధం. అయితే మీరితే ఈ శిక్ష పడుతుందన్న హెచ్చరికను కోర్టు ముందే ఇచ్చి ఉండాలి. దావాలోనే అడగండి, లేకపోతే దానికోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

జవాబు 2: ఇంగ్లండ్‌లో కోర్టు ధిక్కారానికి గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. సివిల్ ధిక్కారమైనా సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు చేయాలి. కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: ఉత్తర్వులో ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో స్పష్టంగా ఉండదు, లేదా అది ఆ వ్యక్తి చేతికి అందినట్టు ఆధారం ఉండదు. భారత్‌లో 1971 కోర్టు ధిక్కార చట్టం కింద 6 నెలల వరకు సాధారణ జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపే కదలాలి, ఈ గడువు మాత్రం మరవకండి.

జవాబు 3: డబ్బు డిక్రీని, అంటే డబ్బు చెల్లించమనే కోర్టు తీర్పును, వీటితో కలపకండి. ఒప్పందపు బాకీ తీర్చే స్తోమత లేదన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 11వ అధికరణం చెబుతోంది. స్తోమత ఉండీ ఎగ్గొట్టడం వేరు. భరణం సంగతీ వేరే: ఫ్రాన్స్‌లో 2 నెలలకు మించి పూర్తిగా చెల్లించకపోతే 2 ఏళ్ల జైలు, 15,000 యూరోల జరిమానా దాకా వెళ్తుంది.