మందురా, మందిరా? చాట్స్‌వర్త్ గుర్రపుసాలకు తగిన మాట

ప్రశ్న: ఇంగ్లండులోని డార్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల నివాసమైన చాట్స్‌వర్త్ గురించి వ్యాసం రాస్తున్నాను. భవనానికి ఈశాన్యాన, మెట్టమీద, నాలుగవ డ్యూకు కోసం 1760 ప్రాంతంలో జేమ్స్ పెయిన్ రూపకల్పనతో కట్టిన గుర్రపుసాల దగ్గరికి వచ్చేసరికి, చిన్నప్పుడు వల్లె వేసిన అమరం (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం) పాదం ఒకటి సగమే గుర్తుకు వచ్చి వేధిస్తోంది. ‘వాజిశాలా తు’ (గుర్రపుసాల అయితే) తర్వాత ఉన్నది మందురా, మందిరా? రెండూ రగణాలే కనుక ఛందస్సు సాయపడడం లేదు.

జవాబు: ‘వాజిశాలా తు మందురా’ అనే ఉంది, సందేహం వద్దు. అయితే తెలుగు వ్యాసానికి లాయం చాలదా?

మరొకరి జవాబు: చాలదండీ. లాయం అనగానే గుర్రాలను వరసగా కట్టివేసిన పాక మనసులో మెదులుతుంది. ఇది ఒక్కొక్క వైపు సుమారు 190 అడుగులున్న రెండంతస్తుల చతురస్రం. అందులో 80 గుర్రాలకు కట్టుచోట్లతో పాటు కమ్మరి కొలిమి కూడా ఉండేది. పై అంతస్తులో ధాన్యపు కొట్లు, పనివారి గదులు ఉండేవి. మనుషులూ నిద్రించిన చోటు కనుక మందిరా అనడమే నాకు ఇష్టం. ఆ స్త్రీలింగ రూపానికి గుర్రపుసాల అనే అర్థాన్ని సంస్కృత నిఘంటువులు కూడా ఇస్తున్నాయి.

జవాబు: నిద్ర మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. రెండింటికీ నిద్రించడం అనే అర్థం కూడా ఉన్న మంద్ ధాతువే మూలం; ఒకదానికి కిరచ్, మరొకదానికి ఉరచ్ ప్రత్యయం చేరింది. భేదమంతా ఆ ఒక్క అచ్చులోనే ఉన్నప్పుడు మనుషులకు ఇకారం, గుర్రాలకు ఉకారం అని పంచడం వ్యాకరణం చేసే పని కాదు, వాడుక చేసిన పని.

జవాబు: నాలుగు వైపులా కట్టడం, నడుమ ఆకాశం కనిపించే ముంగిలి అంటే మన మండువా లోగిలి కాదా? మండువా మాట మందుర నుంచే వచ్చిందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను.

జవాబు: దకారం డకారం ఎలా అయిందో, రేఫ ఎక్కడ పోయిందో చూపిస్తే నేనూ నమ్ముతాను. ఇటువంటి చోట నేను తిక్కన వైపు చూస్తాను. గుర్రాలను చూసుకోవడానికి విరటుని కొలువులో చేరిన నకులుడి పేరు దామగ్రంథి. దామమంటే పలుపు, గ్రంథి అంటే ముడి. ఆ పేరులో సాల లేదు, స్తంభం లేదు, గుర్రాన్ని కట్టే ముడి మాత్రమే ఉంది. అశ్వశాలను చూడవలసింది అక్కడినుంచే.

జవాబు: తిక్కన మీద నాకూ అంతే ప్రేమ ఉంది కానీ, పెయిన్ వాకిలి పలుపుముడిలో ఇమిడేది కాదు. పట్టెలు తీర్చిన నాలుగు డోరిక్ స్తంభాలు, వాటిపైన త్రికోణంలో వంశచిహ్నం, నిజమైన కొమ్ములు తగిలించిన దుప్పి విగ్రహాలు, అన్నిటికీ మీద గడియారపు గోపురం ఉన్నాయి. ఇది ఊరేగింపు చూసే వాకిలి. నా ఓటు మందిరాకే.

ప్రశ్నించినవారు: చివరి గుర్రాలు 1939లో వెళ్లిపోయాయి; ఇప్పుడు అక్కడ భోజనశాల, దుకాణాలు ఉన్నాయి. శీర్షికలో ప్రస్తుతానికి మందుర అని ఉంచాను.

జవాబు: ఉంచండి. మండువాలోని డకారం సంగతి మాత్రం నేను ఇంకా వదలలేదు.