పాత ఇంటిని కూల్చి కొత్తది కడితే పర్యావరణానికి నిజంగా మేలేనా?

ప్రశ్న:
మా పాత ఇంటిని చల్లబరచడానికీ వెచ్చబరచడానికీ విద్యుత్తు చాలా ఖర్చవుతోంది. దాన్ని కూల్చి, తక్కువ విద్యుత్తుతో సరిపెట్టుకునే ఇల్లు కట్టుకోవడమే పర్యావరణానికి మేలని చెబుతూ ఒక సలహాదారు జీవితచక్ర మదింపు నివేదిక (సామగ్రి తయారీ నుంచి చివరికి కూల్చివేత దాకా ఇంటి వల్ల పర్యావరణంపై పడే ప్రభావాల లెక్క) ఇచ్చారు. అందులో కొత్త ఇంటి ఆయుష్షును 100 ఏళ్లుగా తీసుకున్నారు. అదే లెక్కను 30 ఏళ్లకు కుదిస్తే ఫలితం తారుమారవుతోంది. దేన్ని నమ్మాలి?

మొదటి సమాధానం:
నేనైతే 100 ఏళ్ల లెక్కను ఒక్కదాన్నే నమ్ముకుని ఇల్లు కూల్చను. సామగ్రి తయారీలో వెలువడే ఉద్గారాలు గృహప్రవేశానికి ముందే గాలిలో కలిసిపోతాయి, విద్యుత్తు ఆదా మాత్రం ఏటా కొంచెం కొంచెంగా వస్తుంది. సిమెంటునే తీసుకోండి: సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, 100 కిలోల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా విడిపోతే 44 కిలోలు వెలువడతాయి కాబట్టి, బట్టీని సౌరవిద్యుత్తుతో వేడిచేసినా ఆ భాగం తప్పదు. ఉదాహరణకు, కొత్త నిర్మాణం చదరపు మీటరుకు 400 కిలోల ఉద్గారాలకు కారణమై, ఏటా 10 కిలోలు ఆదా చేస్తుందనుకుంటే, ఆ బాకీ తీరడానికే 40 ఏళ్లు పడుతుంది. ఈలోగా విద్యుదుత్పత్తి శుభ్రపడితే ఏటా వచ్చే ఆదా తగ్గి, గడువు ఇంకా పెరుగుతుంది. మీ నివేదిక ఈ మార్పును పరిగణించిందా?

రెండో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూ ఇంకొకటి చేరుస్తాను. భవనాల పర్యావరణ ప్రభావాన్ని లెక్కించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 15978 ప్రకారం, కూల్చిన తరువాత ఉక్కు, కలప మళ్లీ ఉపయోగపడటం వల్ల కలిగే లాభాన్ని మొత్తంలో కలపకుండా విడిగా చూపాలి. చెట్టు పీల్చుకున్న కర్బనాన్ని కలప ఖాతాలో తీసివేసి, చివర్లో అది కాలిపోయినప్పుడో కుళ్లినప్పుడో తిరిగి కలపకపోతే కలప ఇల్లు ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత గోడలను, పునాదిని అలాగే ఉంచి, పైకప్పుకు ఉష్ణనిరోధక పొర వేసి, కిటికీలు మార్చే మూడో మార్గాన్ని కూడా అదే కాలవ్యవధికి లెక్కించమని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నివేదికను మళ్లీ చూశాను. ఉక్కు మళ్లీ ఉపయోగపడే లాభాన్ని విడిగా చూపకుండా మొత్తం ఉద్గారాల్లోంచి తగ్గించేశారు, విద్యుత్తు ఉద్గారాలు 100 ఏళ్లూ ఇప్పటిలాగే ఉంటాయని అనుకున్నారు, మరమ్మతు మార్గం ప్రస్తావనే లేదు. మూడు మార్గాలకూ 30, 60 ఏళ్ల లెక్కలు వేసి ఇవ్వమని అడిగాను. అవి వచ్చేవరకు కూల్చివేత ఆపేశాను.