అక్కకి హ్యాండ్‌బ్యాగు: మన ఉక్కపోతకి ఏ రకం నిలుస్తుంది?

అందరికీ నమస్కారం. బ్యాంకులో ప్రమోషన్ వచ్చిన మా అక్కకి మంచి హ్యాండ్‌బ్యాగు కొనిపెట్టాలి. బడ్జెట్ 15,000 రూపాయల దాకా. విజయవాడ నుంచి గుంటూరుకి రోజూ వెళ్ళొస్తుంది. క్యారేజీ, నీళ్ళ సీసా, గొడుగు అన్నీ పట్టాలి.

పీయూ లెదర్, అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసిన కృత్రిమ తోలు, వద్దనుకున్నా. గాలిలో తేమకి దాని పైపూత పొరలు పొరలుగా రాలిపోతుంది, వాడకుండా బీరువాలో పెట్టినా సరే. అసలు తోలులో సాఫియానో, అంటే సన్నటి అడ్డగీతల అచ్చు వేసిన రకం, గీతలకీ చినుకులకీ తట్టుకుంటుందంటారు. ఇక్కడ వాడినవాళ్ళున్నారా? వానాకాలంలో బూజు పడుతుందా? బరువుంటుందా?

ఈమధ్య పెద్ద లోగోల కంటే గుర్తు కనపడని సాదా బ్యాగులకీ, స్వెడ్‌కీ (నూగు నూగుగా ఉండే మెత్తటి తోలు) మోజు పెరిగింది. సాదావి నాకూ నచ్చాయి. స్వెడ్ మాత్రం తడిస్తే మరకలు పడుతుంది కాబట్టి వద్దు.

అక్క కట్టేవి ఎక్కువగా మంగళగిరి చీరలు. జరీ అంచుకి లేత గోధుమరంగు నప్పుతుందా, మెరూనా? బ్యాగు భుజాన వేసుకుంటే బకిల్ కొంగుకి తగులుకుని దారాలు లేవకూడదు, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

బీసెంట్ రోడ్డు వైపు గానీ, గుంటూరులో గానీ అసలు తోలు నమ్మకంగా దొరికే చోటు తెలిస్తే చెప్పండి. కొనేముందు ఏమేం చూసుకోవాలో కూడా రాయండి, ప్లీజ్.