పంటి క్యాప్ ఇక్కడా, కడపలోనా?

అన్నలకు, అక్కలకు నమస్తే. కడప నుంచి డాలస్‌కు కొత్తగా వచ్చాను. వెనక దవడ పంటికి రూట్ కెనాల్ అయింది, క్యాప్ తప్పదంటున్నారు. ముందు పళ్ల గోధుమరంగు మరకలకూ నాలుగు క్యాపులు వేస్తారట. సంక్రాంతికి ఊరికి వెళ్తున్నా, ఇంకా మూడు నెలలుంది. అక్కడే వేయించుకోనా?

---

తమ్ముడూ, దవడ పంటిది నిజమైన అవసరమే. రూట్ కెనాల్ అయిన పన్ను నమిలేటప్పుడు చీలిపోవచ్చు. నిలువునా చీలితే పీకించుకోవడమే. తాత్కాలిక ఫిల్లింగ్‌తో మూడు నెలలు నెట్టుకురావద్దు.

ముందు పళ్లవి మాత్రం ఆపు. మాది అనంతపురం వైపు. సత్యసాయి ట్రస్టు మంచినీళ్లు రాకముందు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లతో పెరిగినోళ్లం, మా క్లాసులో మరకల్లేని పళ్లు వెతుక్కోవాల్సిందే. అవి ఫ్లోరైడ్ మరకలైతే పన్ను పుచ్చినట్టు కాదు. క్యాప్ వేయాలంటే పంటిని చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీస్తారు, పోయిన ఎనామెల్ మళ్లీ రాదు. క్యాప్ పాతబడితే ఇంకోటి వేయించుకుంటూ పోవాలి. నీ వయసుకు అదెందుకు? బ్లీచింగ్ (మందుతో తెల్లబరచడం), మైక్రోఅబ్రేషన్ (పైపొరను కొద్దిగా రుద్ది మరక తీయడం), బాండింగ్ (పంటిరంగు పూత వేయడం) సంగతి ముందు అడుగు. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగావో నువ్వే చెప్పు, ఇక్కడి డాక్టర్లకు అంత ముదిరిన మరకలు అరుదుగా కనిపిస్తాయి.

డబ్బు సంగతి. ఇక్కడి చాలా డెంటల్ ఇన్సూరెన్స్ ప్లాన్లు క్యాప్‌ను మేజర్, అంటే పెద్ద చికిత్సల కింద పెట్టి ఖర్చులో 50 శాతమే ఇస్తాయి. ఏడాది పరిమితి తరచుగా 1000 నుంచి 2000 డాలర్లే, రూట్ కెనాల్‌కే చాలావరకు అయిపోయుంటుంది. కొన్నిటికి వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది, అంటే చేరిన కొన్నాళ్ల దాకా క్యాప్‌కు డబ్బు ఇవ్వరు. ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో ముందే తెలిసేలా వాళ్లకు ప్రీ-ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్ పంపించమని క్లినిక్‌కు చెప్పు.

---

అన్న చెప్పింది సరే గానీ, ఊళ్లో చేయించుకోవడం తప్పేం కాదబ్బా. కడపలోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కర్నూలులో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. ఇక్కడ గట్టి ఫిల్లింగ్ చేయించుకుని అంతవరకు ఆగొచ్చా అని డాక్టరునే అడుగు. ఆగొచ్చంటే సెలవు లెక్క చూసుకో. కొలత తీసుకున్నాక ల్యాబ్ నుంచి రావడానికి వారం దాకా పట్టొచ్చు, పైగా పండగ రోజులు. దిగిన మర్నాడే వెళ్లు. క్యాప్ పెట్టాక కొన్నాళ్లు అన్నీ నమిలి చూడు. ఎత్తుగా తగిలితే అక్కడే సరిచేయించుకో, వేరేవాళ్లు వేసినదాన్ని ఇక్కడ అందరూ ముట్టుకోరు. ఎక్స్‌రేలు, ఏ మెటీరియల్ వేశారో రాసిన కాగితం తెచ్చుకో. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే దాచొద్దు, రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ లేకపోతే క్యాప్ పగలొచ్చు.

---

థ్యాంక్స్ అన్నా, అక్కా. ముందు పళ్ల క్యాపులు లిస్టులోంచి తీసేసి, దవడ పంటికి మాత్రమే ఎస్టిమేట్ పంపమని క్లినిక్‌కు చెప్పాను.