నొప్పి మాత్రలు మానలేకపోతున్నాను, డాక్టరుకి ఎలా చెప్పాలి?

చెప్పుకోలేనివాడు:

రాసి చెరిపేసి, మళ్లీ రాసి చెరిపేసి, ఇది మూడోసారి. రెండేళ్ల కిందట నడుములో డిస్క్ జారి ఆపరేషన్ అయింది. ట్రమడాల్ 50 ఎంజీ రోజుకి మూడు చొప్పున 10 రోజులకి రాశారు. 10 రోజులు అయ్యేసరికి నొప్పి ఇంకా కొంచెం ఉంది కదా అని ఇంకో స్ట్రిప్ తెచ్చుకున్నాను, తర్వాత ఇంకోటి. ఇప్పుడు రోజుకి 10 మాత్రలు. నడుము నొప్పి అసలు ఉందో పోయిందో కూడా నాకు తెలీదు, మాత్ర లేకుండా ఒక్క పూట ఉండి చూస్తే కదా తెలిసేది.

ఉండి చూడలేదనడం అబద్ధంలెండి, పోయిన నెల చూశాను. మొదటిరోజు సాయంత్రానికే ఆవలింతలు, ఆగకుండా, కళ్లల్లో నీళ్లు వచ్చేలా. ముక్కు కారడం, ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు. రాత్రి పడుకుంటే కాళ్లు ఒకచోట ఉండవు, మంచం మీద తన్నుకుంటూనే ఉన్నాను. తలలో కరెంటు షాక్ కొట్టినట్టు చిన్న చిన్న ఝలకలు. మూడోరోజు తెల్లవారుజామున నాలుగు మాత్రలు ఒకేసారి మింగేశాను, అరగంటకి మనిషినయ్యాను.

మాత్ర తీసేటప్పుడు రేకు చప్పుడు బయటికి వినపడకుండా బాత్రూమ్‌లో కొళాయి తిప్పుతున్నాను. ఖాళీ స్ట్రిప్పులు పాత బూటులో దాస్తున్నాను. మా ఆవిడకి నేను రోజుకి ఒకటో రెండో వేసుకుంటానని చెప్పాను. నిద్రకి ఆల్ప్రాజోలం కూడా అలవాటైంది. డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఉంది కానీ ఏమని చెప్పాలి, నన్ను తాగుబోతుని చూసినట్టు చూస్తారేమో. ఇంట్లోనే మెల్లగా మానే దారి ఏమైనా ఉందా?

పాత కాపు:

బ్రదర్, మీరు ఆ కొళాయి గురించి రాసింది చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను దగ్గేవాణ్ణి. మాత్ర తీసిన ప్రతిసారీ దగ్గు. ఇంట్లోవాళ్లు నాకు ఊపిరితిత్తుల టెస్టులు చేయించారు!

నాది కోడీన్ కలిసిన పారాసిటమాల్, రోజుకి 12. డాక్టరు నన్ను తిడతారనుకుని వెళ్తే ఆయన ముందు లెక్క వేశారు: ఒక్కో మాత్రలో పారాసిటమాల్ 500 ఎంజీ, 12 అంటే 6 గ్రాములు, పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. వెంటనే లివర్ టెస్టుకి రాశారు. నేను సిగ్గుపడుతూ కూర్చుంటే ఆయన గాభరా వేరే. మీ మాత్రల్లో కూడా ట్రమడాల్ ఒక్కటే ఉందా, పారాసిటమాల్ కూడా కలిసి ఉందా, స్ట్రిప్ వెనక ఒకసారి చూడండి.

ఏమని చెప్పాలి అన్నారు కదా. నేనైతే నోరు పెగల్లేదు, కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను. ఏ మాత్ర, ఎన్ని, ఎప్పటినుంచి, ఆఖరి మాత్ర ఎన్నింటికి. అంతే. సంఖ్య మాత్రం తగ్గించి రాయొద్దు. నేను మొదటిసారి వేరే డాక్టరు దగ్గర సగమే చెప్పాను, ఆయన ఆ సగానికి తగ్గట్టు మందు ఇచ్చారు, అది నాకు ఆనలేదు, నాలుగో రోజుకి మళ్లీ పాత పాటే.

ఒకటే మాట:

ఇదంతా మనసు బలహీనత అండి. నేను 15 ఏళ్ల సిగరెట్ అలవాటు ఒక్కరోజులో మానేశాను. గట్టిగా అనుకుంటే అవుతుంది, ఒక మందు మానడానికి ఇంకో మందు ఏంటి?

వార్డు సిస్టర్:

వ్యసనాల చికిత్స వార్డులో పనిచేస్తాను కాబట్టి పై మాటకి జవాబు చెప్పక తప్పదు. సిగరెట్ ఒక్కసారిగా మానితే చిరాకు, ఆకలి, నిద్ర పట్టకపోవడం. రోజుకి 500 ఎంజీ ట్రమడాల్‌తో పాటు ఆల్ప్రాజోలం కూడా వేసుకునే మనిషి ఒక్కసారిగా రెండూ ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఇక్కడ మనసు గట్టిదా కాదా అన్న ప్రశ్నే లేదు.

చెప్పుకోలేనివాడు గారూ, ట్రమడాల్‌కి రోజుకి 400 ఎంజీ హద్దు, మీరు ఇప్పటికే దాటేశారు. హద్దు దాటిన కొద్దీ, మానకుండా వేసుకుంటున్నా సరే, ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. దాని మీద ఆల్ప్రాజోలం, రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి మందగిస్తుంది, మద్యం కూడా తాగితే ఇక చెప్పక్కర్లేదు. డిప్రెషన్‌కి ఏమైనా మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, కొన్నిటికి ట్రమడాల్‌తో పడదు. తలలో ఝలకల గురించి రాశారు కదా, ట్రమడాల్ నల్లమందు జాతి మందులా పనిచేస్తూనే డిప్రెషన్ మందులా కూడా పనిచేస్తుంది, అందుకని మానినప్పుడు రెండు రకాల బాధలూ రావచ్చు. మీకు పిచ్చేం పట్టలేదు.

ఇంట్లో ఒంటరిగా వద్దు. డాక్టరు రెండు దారుల్లో ఒకటి చెప్తారు. ఒకటి మెల్లగా తగ్గించడం. ఏడాదికి పైగా వాడినవాళ్లకి నెలకి 10 శాతం చొప్పున తగ్గిస్తే తట్టుకోగలుగుతారు, ఇంకా నిదానంగా అయినా తప్పు లేదు. రెండోది బుప్రినార్ఫిన్, నాలుక కింద పెట్టుకునే మాత్ర. అది మెదడులో ట్రమడాల్ కూర్చునే తాళంలోనే కూర్చుంటుంది కానీ తలుపు సగమే తీస్తుంది, కాబట్టి మత్తు ఎక్కదు, విత్‌డ్రాయల్ (మాత్ర మానినప్పుడు వచ్చే బాధలు) రాదు. 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది ఎవరి దగ్గరో తెచ్చుకుని సొంతంగా వేసుకునేది కాదు. ఒంట్లో ట్రమడాల్ ఇంకా ఉండగా వేస్తే ఉన్నపళంగా విత్‌డ్రాయల్ విరుచుకుపడొచ్చు, అందుకే ఆఖరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారని అడుగుతారు.

ఆయన ఇల్లాలు:

ఒకటే మాట గారూ, మా ఆయన కూడా ఈ మాత్రలు ఒక్కరోజులో మానేశారు. ఐదుసార్లు.

ఐదోసారి మూడు వారాలు ఉన్నారు, మేమంతా సంతోషం. తర్వాత ఏదో పెళ్లికి వెళ్లొచ్చి ఒళ్లు నొప్పులన్నారు, పాత లెక్క ప్రకారమే వేసుకున్నారు. మూడు వారాల్లో ఒంటికి ఆ అలవాటు తగ్గిపోతుందట, పాత డోసే విషమవుతుందట, మాకెవరికీ తెలీదు. అర్ధరాత్రి గురక వింతగా ఉంటే లైటు వేసి చూశాను, పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్‌లో నాలోక్సోన్ (ఈ మాత్రల మత్తుకి విరుగుడు) ఇచ్చారు, లేచి కూర్చున్నారు, మొదటి మాట "నన్నెందుకు లేపావు" అని నన్నే తిట్టారు. అప్పుడు పెట్టింది బుప్రినార్ఫిన్. ఏడాదిన్నర అవుతోంది, ఉద్యోగం చేసుకుంటున్నారు. ఒక మందు మానడానికి ఇంకో మందేనండి, అయితే ఏంటి?

తమ్ముడూ, మీ ఆవిడకి చెప్పండి. నేను రెండేళ్లు స్ట్రిప్పులు లెక్కపెట్టుకుంటూ బతికాను. ఆయన మాత్రలు వేసుకున్నారన్న బాధ కన్నా, నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారన్న బాధే ఎక్కువ రోజులుంది.

చెప్పుకోలేనివాడు:

అందరికీ థాంక్స్. స్ట్రిప్ వెనక చూశాను, ట్రమడాల్ ఒక్కటే. కాగితం రాశాను. ముందు 8 అని రాసి, కొట్టేసి 10 అని రాశాను. గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, మా ఆవిడ కూడా వస్తానంది. బూటు సంగతి తనకి ఆరు నెలల నుంచీ తెలుసట. నేనే చెప్తానేమో అని చూస్తూ ఉందట.

సిస్టర్ గారూ, గురువారం దాకా నేనేం చేయాలి? ఈలోపు తగ్గించమంటారా? చికిత్స మొదలయ్యాక ఆఫీసుకి వెళ్లొచ్చా?

వార్డు సిస్టర్:

గురువారం దాకా ఒక్కసారిగా ఏదీ ఆపొద్దు, ఒక్క మాత్ర కూడా పెంచొద్దు. ఆల్ప్రాజోలం సంగతి మాత్రం ఆగేది కాదు, ఈ రోజే ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి రెండూ కలిపి వేసుకుంటున్నానని చెప్పండి, వీలైతే ముందే రమ్మంటారు. రాత్రి మీ ఆవిడ పక్కనే ఉండాలి, లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే అంబులెన్స్. ఆఫీసుకి మొదటి రెండు మూడు రోజులు సెలవు పెట్టుకోండి. డోసు కుదిరేదాకా బండి నడపొద్దు, మీ ఆవిడని నడపమనండి.