కిట్‌తో కట్టిన కారు, ముద్రించిన కారు, చేత్తో చెక్కిన కారు: పనితనాన్ని ఎక్కడ చూడాలి?

ఇరవైనాలుగో వంతు (మొగల్రాజపురం, విజయవాడ):

గత ఆదివారం మా ఇంట్లో ఎనిమిది మందిమి కలిసి, ఎవరు కట్టిన నమూనా కార్లను వారు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాం. మూడు కార్ల దగ్గర మాట పెరిగింది. మొదటిది నేను జపాన్ కిట్‌తో (విడి ప్లాస్టిక్ భాగాల పెట్టెతో) 1/24 కొలతలో, అంటే అసలు కారులో 24వ వంతుగా, కట్టిన ఎర్ర పోర్షా. రెండవది గుంటూరు నుంచి వచ్చిన సభ్యురాలు కంప్యూటర్‌లో గీసి, రెజిన్ ప్రింటర్‌లో (ద్రవ ప్లాస్టిక్‌ను పొరపొరగా గట్టిపరిచే యంత్రంలో) ముద్రించి తెచ్చిన అంబాసిడర్. మూడవది కొండపల్లి సభ్యులు కిట్ ఏదీ లేకుండా చెక్కనూ ప్లాస్టిక్ రేకులనూ కోసి చేసిన ప్రీమియర్ పద్మిని. వచ్చినవారిలో ఒకరు నా కారును చూసి, "ఇది పెట్టెలోని భాగాలను కూర్చడమే కదా, ఇందులో పనితనం ఎవరిది?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అక్కడ సరిగా జవాబు చెప్పలేకపోయాను కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కిట్ కట్టడంలో పనితనం ఉంది, కాని అది చూసేవారికి కనబడకుండా పోయిన వాటిలో ఉంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట బాడీ మీద సన్నని గీత ఒకటి పడుతుంది; అది మడ్‌గార్డు మీదుగా, కిటికీ స్తంభాల మీదుగా పైకప్పు వరకు పోతుంది. ఆ గీతను బ్లేడుతో గీకి, వాటర్ పేపర్‌తో రుద్ది తీసేయాలి, కాని రుద్దేటప్పుడు మడ్‌గార్డు అంచు పదును పోగూడదు. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు మందంగా ఉన్నచోట లోపలికి గుంజుకుని ఏర్పడిన గుంటలనూ, అచ్చులోంచి భాగాన్ని బయటికి నెట్టిన పిన్నుల గుండ్రటి ముద్రలనూ పూడ్చాలి. ఇవన్నీ చక్కగా జరిగితే, జరిగినట్టు ఒక్క ఆనవాలూ మిగలదు. అందువల్లే కిట్ పనిని తేలికగా కొట్టిపారేయడం సులువవుతోంది.

తెల్లపొణికి (కొండపల్లి):

ఇరవైనాలుగో వంతు గారూ, మీ పోర్షా పాలిష్‌ను నేను చేతిలోకి తీసుకుని చూశాను, దానిని తక్కువ చేయను. అయినా మీతో ఏకీభవించలేను. ఆ కారు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, తలుపు గీత ఎంత లోతుగా ఉండాలో, ఏ భాగం ఏ భాగానికి ఎలా అతకాలో మీకంటే ముందే వేరొకరు నిర్ణయించేశారు. మీరు సరిదిద్దినవి అచ్చు మిగిల్చిన లోపాలు మాత్రమే. శుద్ధి చేయడం గొప్ప పనే, కాని సృష్టించడం వేరు.

అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ విభాగం 1930లో కుర్రవాళ్లకోసం ఒక పోటీని మొదలుపెట్టింది. తొలి ఏళ్లలో నెపోలియన్ నాటి గుర్రపు బగ్గీ నమూనాను నక్షా చూసి చేత్తో తయారుచేయమనేవారు. 1937 నుంచి సొంతంగా ఊహించిన కారును 1/12 కొలతలో చేసి పంపడం వచ్చింది. చెక్కతోనూ ప్లాస్టర్‌తోనూ చేసేవారు, గెలిచినవారికి కాలేజీ చదువుకు ఉపకార వేతనాలు ఇచ్చేవారు. 1968 వరకు సాగిన ఆ పోటీలో పాల్గొన్నవారిలో పలువురు తరువాత కార్ల కంపెనీల్లో డిజైనర్లయ్యారు. చెక్క దుంగ ముందు కూర్చుని, ఇందులో కారు ఎక్కడుందో తానే వెతుక్కున్న కుర్రవాడికి వచ్చే చూపు, సూచనల కాగితం చూసి 14వ భాగాన్ని 15వ భాగానికి అతికించినవాడికి రాదని నా నమ్మకం. బ్రిటన్‌లో జెరాల్డ్ వింగ్రోవ్ 1/15 కొలతలో పాత కార్లను మొదటి నుంచి తానే తయారుచేసి పేరుపొందారు. నేను పనితనం అన్నప్పుడు నా కళ్ల ముందు ఉండేది అటువంటి పని.

మా ఊళ్లో బొమ్మ చేసేవారు తెల్లపొణికి చెక్కను ముందు సెగకు ఆరబెట్టి తేమ తీస్తారు. చేతులు, కాళ్లు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి, అప్పుడు రంగు వేస్తారు. ఏనుగు తొండం ఎంత వంగాలో చెప్పే అచ్చు వారి దగ్గర లేదు. నా పద్మిని అద్దాల పక్క పట్టీలు కొంచెం వంకరగా ఉన్నాయని నాకు తెలుసు. ఆ వంకర నాదే, ఆ కారు మొత్తమూ నాదే.

ఆటోనగర్ రంగులు (విజయవాడ):

నేను ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్‌లో లారీ బాడీలకూ కార్లకూ రంగు వేస్తున్నాను. మా షెడ్డుకు వచ్చే కారును మేము తయారుచేయం, దాని వంపులను మేము నిర్ణయించలేదు. అయినా దెబ్బతిన్న తలుపును టింకరింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసి యజమాని ముందు నిలబెట్టినప్పుడు, ఏ తలుపుకు దెబ్బ తగిలిందో ఆయన పోల్చుకోలేకపోతేనే మా పని బాగున్నట్టు. తెల్లపొణికి గారి కొలబద్ద ప్రకారం మేమెవరమూ పనివాళ్లం కాము. అది నేను ఒప్పుకోను.

నమూనా కారు రంగు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు బల్ల దగ్గర దానిని ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటాయి. దానిని 24తో భాగిస్తే అయిదు మైక్రాన్ల దగ్గర ఆగుతుంది. ప్రైమరూ (అడుగు పొర) రంగూ క్లియరూ (పైన మెరుపునిచ్చే రంగులేని పొర) వేసి అయిదు మైక్రాన్లలో ముగించడం ఎవరివల్లా కాదు. అసలు కారులో నాలుగు మిల్లీమీటర్లుండే తలుపు సందు 1/24లో 0.17 మిల్లీమీటర్లకు దిగుతుంది, కనుక రంగు కొంచెం మందమైతే ఆ గీత పూడిపోతుంది. అందుకని రంగు వేయకముందే గీతను సూదిమొనలాంటి పనిముట్టుతో లోతు చేసుకోవాలి, ఆ తరువాత ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న పనిముట్టుతో) పలుచగా, ఒక పొర ఆరాక మరొక పొర వేయాలి. మెటాలిక్ రంగులో ఇంకొక చిక్కు ఉంది. షెడ్డులో వాడే రంగునే నమూనా మీద వేస్తే అందులోని మెరుపు రేణువులు ఆ కొలతకు గులకరాళ్లంత కనిపిస్తాయి, కాబట్టి రేణువు ఎంతో సన్నగా ఉన్న రంగును వెతుక్కోవాలి.

ఇక మన ఊరి వాతావరణం. వానాకాలంలో కృష్ణ ఒడ్డున లక్కర్ (థిన్నర్ ఆవిరై ఆరే రంగు) వేస్తే, థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు పాలపొర కట్టినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపితే కొంతవరకు తప్పుతుంది. మే నెల ఎండల్లో దానికి పూర్తిగా విరుద్ధం: ఎయిర్‌బ్రష్ నుంచి బయలుదేరిన రంగు కారును చేరకముందే ఆరిపోయి పొడిలాగా పడుతుంది. ఏ నెలలో, ఏ వేళలో, ఏ పాళ్లలో కలపాలో పెట్టెలోని సూచనల కాగితం చెప్పదు. ఆ పోర్షా మీద ట్యూబ్‌లైటు వెలుగు ఎక్కడా విరగకుండా తిన్నని గీతగా పడిందంటే, క్లియర్ కోటును 2000 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 12000 వరకు నీళ్లతో రుద్ది, అంచుల దగ్గర రంగు తేలిపోకుండా చేయి ఆపుకున్నారని అర్థం. ఆ చేయి ఆపుకోవడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

బ్రాడీపేట రేఖ (గుంటూరు):

అంబాసిడర్ నాది. ఆ రోజు ఒకరు "మీటనొక్కితే వచ్చింది" అన్నారు. పెద్దల మధ్య మాట్లాడలేక ఊరుకున్నాను కాని, ఇప్పుడు చెబుతాను.

మా తాతగారి అంబాసిడర్ మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉంది. దానిని టేపుతో కొలిచాను, బానెట్ వంపునూ డిక్కీ వంపునూ అట్టముక్కలు కత్తిరించి, ఆనించి, సరిచూసి పట్టుకున్నాను. 4,325 మిల్లీమీటర్ల కారు 24వ వంతులో 180 మిల్లీమీటర్లు అవుతుంది. లెక్క అక్కడితో అయిపోతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. పైకప్పు అంచున వాన నీరు జారడానికి ఉన్న సన్నని రేకు మందం ఒక మిల్లీమీటరుకు కూడా రాదు. దానిని 24తో భాగించి గీస్తే ప్రింటర్ దానిని ముద్రించలేదు, ముద్రించినా వేలు తగలగానే విరిగిపోతుంది. మందం పెంచితే పైకప్పు టోపీ పెట్టినట్టు బరువుగా కనిపిస్తుంది. చివరకు రేకును కొలతకంటే మందంగా ఉంచి, దాని కింద నీడ పడే గాడిని లోతు చేశాను. అప్పుడు కన్ను దానిని సన్నగానే చదివింది.

ముందు భాగం మరీ కష్టపెట్టింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా మూడు ముద్రణల వరకు అది మా తాతగారి కారులాగా లేదు. అసలు కారును మనం దాని పక్కన నిలబడి చూస్తాం, బల్ల మీది నమూనాను ఆకాశం నుంచి చూసినట్టు పైనుంచి చూస్తాం. ఆ తేడా వల్ల బానెట్ చదునుగా అనిపిస్తోందని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది. బానెట్ నడిమి ఉబ్బును కొంచెం పెంచి అయిదో ముద్రణ తీశాక తాతగారికి చూపిస్తే, ఆయన ఏమీ అనకుండా చూపుడు వేలితో ఆ ఉబ్బును నెమ్మదిగా నిమిరారు.

ముద్రణ తరువాత కూడా పని ఉంటుంది. పొరకు 0.05 మిల్లీమీటర్ల చొప్పున ముద్రించినా ఏటవాలు తలాల మీద మెట్లు తెలుస్తాయి. ముద్రణలో బాడీని పట్టి నిలిపే ఆధారపు కడ్డీలు కోసిన చోట మచ్చలుంటాయి. ఆల్కహాల్‌తో సరిగా కడగకపోతే, అతినీలలోహిత కాంతిలో సమంగా గట్టిపరచకపోతే బాడీ వంగుతుంది. నా మొదటి బాడీ అలాగే వంగి పాడైంది. ఒక్క విషయంలో మాత్రం తెల్లపొణికి గారితో ఏకీభవిస్తాను. ఎవరో గీసిన ఫైలును కొని, ముద్రించి, అదంతా తన పనే అని చెప్పుకోవడం తప్పు.

తెల్లపొణికి:

రేఖ గారూ, మీరు అట్టముక్కలతో వంపు పట్టుకున్న సంగతి నాకు తెలియదు. నేను కూడా పద్మినికి అలాగే పట్టుకున్నాను. మీ పనిని మీటనొక్కిన పని అన్నవారిలో నేనూ ఒకడిని, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాని ఒక సందేహం తీరలేదు. రేపు మీరు అదే ఫైలుతో పది అంబాసిడర్లను ముద్రిస్తే, పదో కారులో పనితనం ఎంత? నేను రెండో పద్మిని చేయాలంటే మళ్లీ మొదటినుంచీ చెక్కాలి, రెండోదానిలోనూ చేయి తప్పే అవకాశం మొదటిదానిలో ఉన్నంతే ఉంటుంది. నా లెక్కలో పనితనానికి ప్రాణం ఆ అవకాశమే.

ఇరవైనాలుగో వంతు:

ఈ ప్రశ్న నా పోర్షాకు కూడా తగులుతుంది, ఎందుకంటే ఆ కిట్ అచ్చులోంచి వేలకొద్దీ బాడీలు వచ్చి ఉంటాయి. షిజుఓకాలోని తమియా సంస్థ 1976లో 1/12 కొలతలో పోర్షా 934 (911కు పందెపు రూపం) కిట్‌ను విడుదల చేసింది. దానికోసం వారు నిజమైన పోర్షా 911ను కొని, విప్పి, లోపలి నిర్మాణాన్ని పరిశీలించారు. కిట్ పెట్టెను మెచ్చుకుంటున్నప్పుడు మనం మెచ్చుకుంటున్నది ఆ అచ్చు పనివారిని. వారి పేర్లు పెట్టె మీద లేకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. అటువంటి అచ్చులో వచ్చిన భాగాలతో కట్టిన కారును "నేను చేశాను" అనడానికి నాకు హక్కు లేదు, "నేను కట్టాను, రంగు వేశాను" అనడానికి ఉంది. ఇంతవరకు తెల్లపొణికి గారితో ఏకీభవిస్తున్నాను.

అయితే పదో బాడీ ముద్రించి బయటికి వచ్చాక దాని మెట్లను రుద్దే చేయి, తలుపు గీతను లోతు చేసే చేయి, రంగు వేసే చేయి పదోసారి కూడా తప్పగలదు. గీసిన పని ఒక్కసారే జరిగింది, శుద్ధి చేసిన పని పదిసార్లు జరిగింది. ఈ రెంటినీ ఒకే మాటతో కొలవడం వల్లే మన వాదన తెగడం లేదు. అందుకే వచ్చే నెల నుంచి ప్రతి కారు పక్కన ఒక కాగితం పెడదామని ప్రతిపాదిస్తున్నాను. కొన్నవి ఏవి, ఫైలు ఎవరు గీశారు, స్వయంగా చేసినవి ఏవి, సరిదిద్దినవి ఏవి అని అందులో రాయాలి. నా పోర్షా కాగితంలో ఇంజిన్ ప్లగ్ వైర్లు నేను చేర్చినవని రాస్తాను. అసలు వైరు ఏడు మిల్లీమీటర్లుంటుంది కనుక 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ వాడాను. సీటు బెల్టు బకిళ్లు కొన్నవని కూడా రాస్తాను.

ఆటోనగర్ రంగులు:

కాగితానికి నేను వ్యతిరేకిని కాను, కాని దానిని కారు పక్కన పెట్టవద్దు, బోర్లించి కింద పెట్టండి. ముందు చదివితే మనం కారును చూడం, చదివినదానిని కారులో వెతుకుతాం. నా షెడ్డులో కొత్త కుర్రాడికి పని చూపించేటప్పుడు ఏ తలుపుకు పుట్టీ పెట్టామో చెప్పను. కళ్లతో, ఆపైన అరచేతితో తానే కనుక్కోవాలి. దీపాన్ని ఒక పక్కకు వంచి వెలుగు బాడీ మీద ఎక్కడ విరుగుతోందో చూడండి, చక్రాలు నాలుగూ నేలకు ఆనుతున్నాయో లేదో కంటిని బల్లతో సమంగా పెట్టి చూడండి. కాగితం ఆ తరువాత తిప్పండి.

బ్రాడీపేట రేఖ:

ఇది నాకు సమ్మతమే. నా కాగితంలో పాడైన ముద్రణల సంఖ్య కూడా రాస్తాను, ఆ వంగిన బాడీని కూడా తెస్తాను.

తెల్లపొణికి:

పదో కారు విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అది అలాగే ఉండనివ్వండి. కాగితం బోర్లించి పెట్టే పద్ధతికి మాత్రం నేను సిద్ధమే. ఈలోపు ఆటోనగర్ రంగులు గారిని ఒక మాట అడగాలి. పద్మిని అద్దాల చుట్టూ ఉన్న ఆ వంకర పట్టీలను తీసేసి మళ్లీ చేద్దామనుకుంటున్నాను. ఈసారి బ్రష్‌తో వెండి రంగు వేయకుండా, వెనుక జిగురున్న పలుచని లోహపు రేకును అంటిద్దామని ఉంది. దానిని రంగుకు ముందు అంటించాలా, తరువాతనా?

ఆటోనగర్ రంగులు:

తరువాతనే అండి. రంగు పూర్తిగా గట్టిపడి, పాలిష్ కూడా అయ్యాక అంటించండి. దూదిపుల్లతో ఒత్తి పట్టీ అంచులు తేలేవరకు రుద్దండి. ఆపైన కొత్త బ్లేడుతో, దాదాపు బరువు వేయకుండా ఒకే లాగులో కోయండి. పాత బ్లేడు రేకును చింపుతుంది, బరువు వేస్తే బ్లేడు రంగులోకి దిగుతుంది. ముందు ఒక పాత మూత మీద పదిసార్లు కోసి చూసుకోండి. కావాలంటే శుక్రవారం షెడ్డుకు రండి, నా దగ్గర రేకు ముక్క ఉంది.